దారము పట్టినవారి సంవత్సరము

సంక్రాంతి మూడు దినములతో ముగియునది కాదు గాలిపటముల కాలము. ఏ దేశమున ఏ మాసమున గాలి అనుకూలించునో ఎరిగి, దానికై ఎదురుచూచు పతంగి సంఘముల వారికి ఏడాది పొడవునను పండుగలే. ఆ పండుగల వరుసయు, దానితోపాటు సంఘసభ్యులు తమలో తాము తేల్చుకొనవలసిన యొక విషయమును ఇందు గలవు.

ఈశాన్య ఋతుపవనము తన వానలను తీరభూములపై కురిపించి మరలిన పిదప, పుష్యమాసమున తెలంగాణ పీఠభూమిపై ఆకాశము మేఘరహితమై, తూర్పు దిక్కునుండి వీచు గాలి పొడిగా, నిలుకడగా, తొందరపాటెరుగక సాగుచుండును. కాగితమును వాన తడుపదు, ఎండ మాడ్చదు, గాలి చించదు. పంట ఇల్లు చేరినది. బడులకు సెలవులు వచ్చినవి. మేడలపై నిలిచి మెడలెత్తి చూచుటకు పిన్నలకును పెద్దలకును తీరిక చిక్కినది. మకర సంక్రమణమునకును గాలిపటమునకును గల చుట్టరికమును గూర్చి ఎన్ని కథలు చెప్పుకొన్నను, ఈ గాలియు ఈ తీరికయు కూడిరాకున్నచో ఆ చుట్టరికము ఇన్ని తరములు నిలిచియుండెడిది కాదు.

హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరములలో భోగి నాటికి దారము చుట్టు చరఖా చేరని వీథి యుండదు. కనుమ దాటగానే ఆ చరఖా అటుక యెక్కును. మరుసటి పుష్యము వరకు దానిని తలచువారు కానరారు. సంఘసభ్యుల తీరు వేరు. వారికి సంక్రాంతి ఆరంభము మాత్రమే. ఒకచోట చలికాలపు గాలి అణగినచో మరొకచోట వసంతపు గాలి లేచును. అది అణగిన పిమ్మట ఆషాఢపు గాలి యందుకొనును. ఎవరికి ఎంత దూరము పోవ శక్తి కలదో అంత దూరము పోవుచు, పోలేనివారు పోయివచ్చినవారి మాటలు వినుచు ఏడాదిని గడుపుదురు. రానున్న ఉత్సవములను వరుసగా చెప్పుటకు ముందు, మనవారు బయలుదేరు తావును, వారి చేతిలోని వస్తువును ఒకింత దగ్గరగా చూడవలసియున్నది.

గుల్జార్ హౌజు నుండి

చార్మినారునకు కూతవేటు దూరమున నున్న గుల్జార్ హౌజు అంగళ్లలోను, ధూల్‌పేట, మంగళ్‌హాటు గల్లీలలోను పతంగి ఒక ఋతువు సరుకు కాదు, ఏడాది కూడు. ఇంటిల్లిపాదియు కూర్చుండి చేయు పని యది. పలుచని రంగు కాగితమును చతురస్రముగా కత్తిరించి, ఒక మూలనుండి ఎదుటి మూలకు నిలువుగా వెదురుపుల్లను అంటింతురు. దానికి అడ్డముగా, మరింత సన్నగా చీల్చి నునుపుచేసిన రెండవ పుల్లను విల్లుగా వంచి, కొనలను కాగితపు అంచులలో మడిచి అతికింతురు. చూచుటకు ఇంతియే. నేర్పంతయు ఆ వంచిన పుల్లలో గలదు. దానికి ఒకవైపు చేవ యెక్కువైనచో ఇరువైపులును సమముగా వంగక, పతంగి ఎంత మంచి గాలిలోనైనను ఒక ప్రక్కకే ఒరుగును. అందుచేత చేయి తిరిగిన పనివాడు పుల్లను నడిమికి వ్రేలిపై నిలిపి చూచి, బరువు తూగిన వైపున కత్తితో ఒక్క పొర లేపి, మరల నిలిపి చూచును. కన్ను చేయవలసిన పనిని అక్కడ వ్రేలు చేయును.

ఆ మీద సూత్రము. రెండు పుల్లలును కలియుచోట ఒక ముడి, నిలువు పుల్ల దిగువ భాగమున మరియొక ముడి వైచి, ఆ రెండు దారములను ముందునకు తెచ్చి కలుపుదురు. గాలి బలముగా నున్ననాడు పై దారమును కొంచెము కురుచ చేసినచో పతంగి తల ముందునకు వంగి గాలి తాకిడి తగ్గును. ఈ కొలత బజారులో దొరకదు. ఆనాటి గాలిని ముఖముపై పట్టి చూచి, మేడపై నిలిచి, ఎవరికి వారే తేల్చుకొనవలసినది. పల్లెలలో వార్తాపత్రిక కాగితమునకు చీపురుపుల్లలు పెట్టి, అన్నపు మెతుకులతో అంటించి, పాతగుడ్డ పీలికను తోకగా కట్టి ఎగురవేయు పిల్లవాడు సయితము ఈ సూత్రపు కొలతను తెలియక తప్పదు. తోక వాని తప్పును కొంత కప్పిపుచ్చును.

ఒకరి దారమును ఒకరు కోయు పోటీయైన పేంచి వేయు పతంగికి ఆ తోక యుండదు. తోక లేకపోవుటయే దాని బలము. దారమును లాగినంతనే గాలి తాకిడికి విల్లుపుల్ల వెనుకకు వంగి, రెక్కలు వెనుదీసి, పతంగి స్థిరపడి, ముక్కు ఎటున్న అటు దూసుకొనిపోవును. దారమును సడలించినంతనే రెక్కలు చదునై, స్థిరత తప్పి, ఉన్నచోటనే తిరుగ నారంభించును. అట్లు తిరుగుచున్న ముక్కు కోరిన దిక్కునకు వచ్చిన క్షణమును కనిపెట్టి మరల లాగవలెను. వంద గజముల దూరమున, కన్నులకు ఎండ కొట్టుచుండగా, ఆ క్షణమును పట్టుటయే విద్య. “తమ్మీ, చరఖా సక్కగ పట్టు, ఢీల్ ఇస్తున్న” అని అన్న హెచ్చరించుటయు, దారము సుడులు తిరుగుచు చరఖా నుండి విడివడుటయు, ఎదుటి మేడవాడు దారము లాగి ఖీంచ్ చేయుటయు, ఒక పతంగి తెగి తేలిపోవుటయు, నాలుగు మేడలనుండి ఒక్కసారిగా “అఫా!” అను కేక లేచుటయు కనుమూసి తెరచునంతలో జరిగిపోవును. తెగిన పతంగి ఎవరికి దొరికిన వారిదే. దానిపై పూర్వపు యజమాని హక్కు చెప్పుట మర్యాద కాదు.

కోయని పతంగులు

సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్సులో రాష్ట్ర పర్యాటక శాఖ సంక్రాంతి దినములలో జరుపుచు వచ్చిన అంతర్జాతీయ పతంగుల ఉత్సవమునకు మొదటిసారి పోయిన పాతబస్తీ కుర్రవానికి ఒక విధమైన నిరాశ కలుగుట సహజము. అచట మిఠాయిల అంగళ్లు గలవు, దేశదేశముల జెండాలు గలవు, మింటనిండ రూపములు గలవు. పేంచి మాత్రము లేదు. ఎనిమిది చేతుల ఆక్టోపసును, తిమింగిలమును ఇసుక మూటలకు కట్టి వదలుదురు. వానిలో ఒక్క పుల్లయైన నుండదు. తెరచిన నోటిలోనుండి గాలి చొరబడి, గుడ్డను ఉబ్బించి, ఆ ఉబ్బిన గుడ్డనే రెక్కగా మార్చును. 1964లో డామినా జాల్బర్టు రూపొందించిన పారాఫాయిల్ అను పుల్లలు లేని గాలిపటము ఈ జాతికి మూలము.

ఎవని పతంగిని వాడు చూపుకొని మురియుటలో ఆట యేమున్నదని మనవారు అడుగుట కలదు. కాని కోయని గాలిపటము చేసిన పనులు కొంచెమైనవి కావు. 1749లో గ్లాస్గోలో అలెగ్జాండర్ విల్సన్ గాలిపటములకు ఉష్ణమాపకములు కట్టి పైగాలి చల్లదనమును కొలిచెను. 1894 నవంబరు 12వ తేదీన ఆస్ట్రేలియా సముద్రతీరమున లారెన్స్ హార్గ్రేవ్ తన పెట్టె గాలిపటములు నాలుగింటిని వరుసగా కట్టి, వాని క్రింద తాను కూర్చుండి, నేలనుండి పదునారడుగుల యెత్తునకు లేచెను. రైటు సోదరులు 1899లో రెక్కను మెలితిప్పి దిశ మార్చవచ్చునా యని పరీక్షించినది గాలిపటము మీదనే. విమానము దాని తరువాతి మాట. 1901 డిసెంబరు 12వ తేదీన మార్కొనీ అట్లాంటికు మహాసముద్రపు ఆవలి యొడ్డునుండి వచ్చిన తంతిలేని వార్తను న్యూఫౌండ్లాండులో అందుకొనినప్పుడు ఆయన ఏరియల్ తీగను మోసినదియు గాలిపటమే. కోత నెరిగిన చేతికిని, కొలత నెరిగిన చేతికిని మూలవిద్య యొకటియే; అది గాలిని చదువుట.

పన్నెండు నెలల గాలి

జనవరి తొలివారము దాటగానే అహమ్మదాబాదున సబర్మతీ తీరమున అంతర్జాతీయ పతంగోత్సవము మొదలగును. 1989లో ఆరంభమైన యీ ఉత్సవము మన దేశపు గాలిపటముల తిరునాళ్లలో పెద్దది. 14వ తేదీ ఉత్తరాయణమునాడు ఆ నగరమున ఎవరును ఇంటి లోపల నుండరు. మనవారు ముందుగా అచటికి పోయి, భోగి నాటికి సికింద్రాబాదు చేరుకొనుట కద్దు. బెళగావిలోను జనవరిలోనే ఉత్సవము జరుగుచుండును. మంగళూరు బృందము వారి ముప్పదియారడుగుల కథకళి పతంగి వంటివి దక్షిణమున సయితము ఈ కళ యెంత పెరిగినదో చాటుచున్నవి.

వసంతమునకు చైనాలోని వైఫాంగు. 1984 నుండి ఏప్రిలులో జరుగుచున్న ఆ ఉత్సవమున వంద బిళ్లలను ఒకే దారమున కూర్చి ముందు డ్రాగను తలను నిలిపిన పతంగులు చూడదగినవి. అదే నెలలో ఫ్రాన్సున బెర్కు సముద్రతీరమునను, ఇటలీలో చెర్వియా యిసుకతిన్నెలపైనను ఐరోపా వారు కూడుదురు. మే 3, 4, 5 తేదీలలో జపానులోని హమామత్సు. అచట ఇంట తొలిచూలు బిడ్డ పుట్టిన యేట ఆ బిడ్డ పేరు వ్రాసిన పతంగిని పేటవారందరు కలిసి ఎగురవేయుదురు. జూనులో ఆ దేశముననే షిరోనె అను ఊరిలో ఏటికి ఈ గట్టున నొక పక్షము, ఆ గట్టున నొక పక్షము నిలిచి మహాపతంగులతో తలపడుదురు. ఈ రెండు జపాను ఊళ్ల విషయమును మరల ప్రస్తావింపవలసి యున్నది.

దూరప్రయాణమునకు వీలులేని వారికి ఆషాఢము వరము. నైఋతి ఋతుపవనపు గాలి ఊపందుకొను ఆ మాసమున, బెంగుళూరు చేరువనున్న దొడ్డబళ్లాపురమున గాలిపటముల పోటీ జరుగును. గుంతకల్లునుండి ధర్మవరము, హిందూపురము మీదుగా బెంగుళూరు పోవు రైలుమార్గముననే ఆ ఊరు గలదు. అనంతపురము జిల్లావారు ఉదయము బయలుదేరి పోటీ చూచి రాత్రికి ఇల్లు చేరవచ్చును. పుష్యపు గాలికి అలవడిన చేయి ఆషాఢపు గాలిలో కొత్త పాఠము నేర్చును. పుల్ల మందము మారును, సూత్రము మారును, దారము మారును.

జూలై, ఆగస్టులలో బలి ద్వీపపు సనూరు తీరమున చేప రూపమున, ఆకు రూపమున చేసిన పతంగులను, నూరు మీటర్లకు మించిన తోకగల డ్రాగను పతంగులను పల్లెల వారు భుజములపై మోసుకొనివచ్చి ఎగురవేయుదురు. ఆగస్టు 15న ఢిల్లీ ఆకాశము నిండును. ఆ నెల మూడవ వారమున అమెరికాలో వాషింగ్టను రాష్ట్రపు లాంగ్ బీచిలో ఉత్సవము. ఆ యూరనే గాలిపటములకు ప్రత్యేకించిన ప్రదర్శనశాల యొకటి కలదు. సెప్టెంబరు 17 ప్రాంతమున విశ్వకర్మ పూజనాడు కలకత్తా మేడలు కళకళలాడును. సరిసంఖ్య గల సంవత్సరములలో సెప్టెంబరున ఫ్రాన్సులోని డియెప్పు. దీపావళి మరునాడు లక్నోలో జమ్‌ఘటు. నవంబరు 1న గ్వాటెమాలాలోని సుంపాంగో, సాంటియాగో సకటెపెకెజ్ ఊళ్లలో పితరులను స్మరించుచు శ్మశానముల చెంత మహాపతంగులను నిలుపుదురు. ఆ నిర్మాణకళను యునెస్కో 2024లో మానవాళి వారసత్వపు పట్టికలో చేర్చినది.

పయనము లేకయే పాల్గొనదగినది యొకటి గలదు. 1986 నుండి అక్టోబరు రెండవ ఆదివారమున ప్రపంచమంతట గాలిపటముల ప్రియులు, ఎవరి యూర వారుండియే, శాంతి కొఱకు ఒక్కనాడు పతంగు లెగురవేయుదురు. దానికి రుసుము లేదు, ఆహ్వానము లేదు. అక్టోబరు గాలి మనకంత అనుకూలము కాకున్నను, నెక్లెసు రోడ్డునను, విశాఖ తీరమునను పదిమంది చేరుట కష్టము కాదు. ఈ తేదీలలో కొన్ని ఏటేట మారుచుండును గనుక టిక్కెట్టు కొనుటకు ముందు నిర్వాహకులను విచారించుకొనుట మేలు.

దారపు మాట

ఇక తేల్చుకొనవలసిన విషయము. మన పేంచికి ప్రాణము మాంజా. నూలుదారమును గుంజల నడుమ బారుగా లాగి కట్టి, గాజుపొడి, అన్నపు జిగురు, రంగు కలిపిన ముద్దను పిడికిట పట్టి, దారము వెంబడి నడచుచు పూసి ఆరబెట్టుదురు. బరేలీ ఈ పనికి పేరు పొందినది. పూయువారి వ్రేళ్లు కోసుకొనిపోవును; గుడ్డపీలికలు చుట్టుకొనియే పని చేయుదురు. ఆ మాంజా నిరపాయమని యెవరును అనజాలరు. అయినను అది నూలుదారము. గట్టిగా లాగినచో తెగును, వానకు తడిసి చివుకును.

దానిని త్రోసివేసి వచ్చినది చైనా మాంజాయని పిలువబడు నైలాను దారము. అది తెగదు, చివుకదు, చవుక. చెట్టు కొమ్మల నడుమ చిక్కి ఏండ్ల తరబడి నిలుచును. గద్దలు, కొంగలు, గుడ్లగూబలు, గబ్బిలములు రెక్కలు తెగి వ్రేలాడుటయు, ద్విచక్రవాహనములపై పోవువారి కంఠములు కోసుకొనిపోవుటయు, లోహపు పూత గల దారము విద్యుత్తీగలకు తగిలి పట్టినవాడు ప్రాణము కోల్పోవుటయు ప్రతి సంక్రాంతికి పత్రికలలో చదువుచున్న విషయములే. తెలంగాణ ప్రభుత్వము 2016 జనవరిలో దీనిని నిషేధించినది. జాతీయ హరిత ట్రైబ్యునలు 2017 జూలై 11వ తేదీన దేశమంతటికిని వర్తించునట్లు నైలాను, తదితర కృత్రిమ దారముల మాంజాను సంపూర్ణముగా నిషేధించినది. అయినను పండుగ ముందు వారమున పోలీసులు దుకాణములపై దాడి చేసి చరఖాలు పట్టుకొనని యేడు లేదు. అమ్మువాడున్నాడనగా కొనువాడున్నాడన్నమాట.

కొనువాడు ఎందుకు కొనుచున్నాడు? తెగని దారము చేతనున్నచో ఢీల్ తెలియనక్కరలేదు, ఖీంచ్ తెలియనక్కరలేదు, తిరుగుచున్న ముక్కును కనిపెట్టనక్కరలేదు. ఎదుటివాని నూలుదారమునకు దానిని తాకించి యూరకున్నను గెలుపు వచ్చును. పుల్ల తూచిన పనివాని నేర్పును, సూత్రము కట్టినవాని నేర్పును, దారము పట్టినవాని నేర్పును ఒక్కమారుగా వ్యర్థము చేసినది ఈ దారము. పక్షుల కొఱకును మనుష్యుల కొఱకును దీనిని విడువవలెనని అందరును చెప్పుచున్నారు. అది చాలినంత కారణమే. కాని పతంగి సంఘముల వారు దీనిని విడువవలసినది అంతకంటెను సమీపమైన కారణమునకు: ఇది వారి ఆటనే చంపుచున్నది.

మాంజాకు పదును లేనిదే పేంచి యెక్కడిదని పెద్దలు అడుగవచ్చును. దీనికి సమాధానము షిరోనె ఏటిగట్టుపై దొరకును. అచట రెండు పక్షముల పతంగులును మెలివడి నీటిలో కూలిన పిమ్మట, ఇరువురును మోకులు పట్టి, ఒకరిది తెగువరకు లాగుదురు. హమామత్సులో మందమైన జనపత్రాళ్లను ఒకదానిపై నొకటి ఒరసి, ఆ రాపిడికే తెగునట్లు చేయుదురు. గాజు ప్రసక్తి లేదు, జయాపజయములు లేకపోలేదు. అమెరికా సంఘముల వారు మరియొక అడుగు ముందునకు వేసిరి. వారి పోటీలో కోతయే లేదు. న్యాయనిర్ణేత “పై” యనినచో ఎదుటివాని దారమును పైనుండియు, “క్రింద” యనినచో క్రిందినుండియు ముందుగా తాకినవాడు గెలిచినవాడు. పతంగి తెగదు, దారము పోదు, ఒక్క జత పతంగులతో పూటంతయు ఆడవచ్చును. లాగుటయు సడలించుటయు తెలియనివాడు ఈ పోటీలో ఒక్క గెలుపును సంపాదింపజాలడు. మన సంఘములు ఈ సంక్రాంతికి, మాంజా పేంచితోపాటు, సాదా దారముతో ఇట్టి పోటీ నొకదానిని పెట్టి చూడవలెను. గుల్జార్ హౌజు కుర్రవాడు దీనిలో లోకమునకు పాఠము చెప్పగలడని నా నమ్మకము.

ముక్కనుమ నాటి పని

సభ్యులు పండుగకు ముందు చేయవలసినవి కొన్ని గలవు. కొన్న దారమున ఒక జానెడు త్రుంచి నిప్పంటించి చూడవలెను: నూలుదైనచో కాలిన కాగితపు వాసనతో మెత్తని బూడిద యగును, కృత్రిమమైనదైనచో ముడుచుకొని, కరగి, కొనయందు గట్టి పూసగా మిగులును. పిట్టగోడ లేని మేడపై పిల్లలను నిలుపరాదు. తీగలపై చిక్కిన పతంగికై కర్ర చాపరాదు. బేగంపేట, శంషాబాదు విమానాశ్రయముల చేరువ ఎగురవేయరాదు. 2024 ముగియువరకు అమలునందుండిన 1934 నాటి విమాన చట్టము గాలిపటమును సయితము తన పరిధిలోనికి తెచ్చినదని పలువురెరుగరు. పక్షులు గూళ్లు విడుచు ప్రాతఃకాలమునను, మరలివచ్చు సంధ్యవేళను దారము దించుకొనవలెను. గుజరాతు ప్రభుత్వము 2017 నుండి కరుణా అభియాన్ అను పేర పండుగ దినములలో గాయపడిన పక్షులకు వైద్యము చేయించుచున్నది. ఇట పశువైద్యుల సాయముతో అట్టి శిబిరము నొకదానిని నడుపుట ఏ సంఘమునకును శక్తికి మించిన పని కాదు.

పండుగ పిమ్మట చేయవలసినది ఒక్కటియే. అది అన్నిటికంటె ముఖ్యము. కోస్తా పల్లెలలో సంక్రాంతికి కొత్త వరికంకులను కుచ్చులుగా అల్లి, పిచ్చుకలు వచ్చి తినునట్లు చూరునకును ముంగిటను వ్రేలాడదీయు ఆచారము ఇప్పటికిని గలదు. పిట్టకు గింజ కట్టిన పండుగనాడే పిట్ట రెక్కకు దారము కట్టుట మన పండుగకు తగినది కాదు. కనుమ పశువులకు చెల్లినది. దాని మరునాడు ముక్కనుమ. దానిని పతంగి సంఘములు చెట్లపై, స్తంభములపై మిగిలిన దారమును ఏరుటకు పెట్టుకొనవచ్చును. విద్యుత్తీగల జోలి ఆ శాఖవారికి విడిచి, మిగిలిన వీథుల పని తాము చేయవచ్చును. చెట్టున చిక్కిన దారమును ఆ వారములోనే దించినచో దించినట్లు. మరుసటి వానల నాటికి ఆకుల మరుగున అది కంటికి కానరాదు, రెక్కకు మాత్రము తగులును. పేంచిలో గెలిచినవానికి ఇచ్చు బహుమానముతోపాటు, ముక్కనుమనాడు దోటి, కత్తెర, గోనెసంచి పట్టుకొని వచ్చి అందరికంటె ఎక్కువ దారము తూచి యిచ్చిన సభ్యునికి సమానమైన బహుమాన మొకటి ఇచ్చునట్లు సంఘములు ఈ యేడే తీర్మానించుకొనుట యుక్తము.